ఆషాఢంలో కొన్న ల్యాప్‌టాప్

ఆ రోజుల్లో అమీర్‌పేటలో ఊరికే నిలబడటానికి ఎవరికీ వీలుండేది కాదు. బస్సు కోసం కాస్త ఆగినా సరే, ఎవరో ఒకరు వచ్చి చేతిలో కరపత్రం పెట్టేవాళ్లు. ఈ కోర్సు చేస్తే ఉద్యోగం, ఉద్యోగం రాకపోతే ఇంకో కోర్సు. ఊరంతా కంప్యూటర్ నేర్చేసుకుని ఎక్కడికో బయల్దేరుతున్నట్టు, నేనొక్కదాన్నే స్టాపులో మిగిలిపోయినట్టు అనిపించేది. నా చదువు ఇంటర్. (అదీ రెండో దెబ్బకి. లెక్కలకి నామీద ప్రేమ ఎక్కువై ఒకసారి వదల్లేదు.) పంజాగుట్టలో ఒక శుభలేఖల షాపులో కౌంటర్ దగ్గర నిలబడి పెళ్లివాళ్లకి కార్డులు చూపించడం నా ఉద్యోగం. "ఇది చూడండి ఆంటీ, తలుపుల్లా తెరుచుకుంటుంది, లోపల వినాయకుడు ఉంటాడు" అని పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి కాళ్లు నావి కాకుండా పోయేవి. అందుకే నా కన్నెప్పుడూ లోపల డిజైనర్ కూర్చునే కుర్చీ మీదే ఉండేది. దానికి చక్రాలున్నాయి. కూర్చున్నచోటు నుంచే ప్రింటర్ దాకా జారుకుంటూ వెళ్లొచ్చు. మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు ఆ డిజైనర్ పక్కన స్టూలు వేసుకుని, అక్షరాలెలా పేర్చాలో, బోర్డర్లెలా పెట్టాలో అన్నీ నేర్చేసుకున్నాను. నాకు లేనిదల్లా కుర్చీ ఒక్కటే.

మా ఓనర్ని అందరం శుభలేఖ సారు అనేవాళ్లం. ఏళ్ల తరబడి కార్డులు రాసీ రాసీ ఆయన మామూలు మాట మర్చిపోయారు. నేను ఆలస్యంగా వస్తే తిట్టేవారు కాదు. "తమరి రాకకై ఉదయం నుంచి వేయి కళ్లతో ఎదురుచూస్తున్నాము. విచ్చేసి మమ్ములను ఆనందింపజేశారు" అనేవారు. (దానికన్నా తిట్టడమే నయం.) ఆ ఆషాఢంలో, పెళ్లిళ్లు లేక షాపు ఈగలు తోలుతున్నప్పుడు, డిజైనర్ కాస్తా యానిమేషన్ కోర్సంటూ వెళ్లిపోయాడు. వెళ్తూ తన కంప్యూటర్ కూడా పట్టుకెళ్లాడు, అది అతనిదే మరి. సారు మమ్మల్ని పిలిచి ప్రకటించారు: "శ్రావణ ముహూర్తాలు తోసుకొస్తున్నాయి. రాబోవు సోమవారం ఉదయం ఎవరు సొంత మిషనుతో విచ్చేస్తారో కుర్చీ వారిది." ఎవరు అంటే ఇద్దరమే. ఒకటి నేను. రెండు ఆయన మేనల్లుడు, అప్పుడే ఏదో డిజైనింగు కోర్సు ముగించి, మెడలో పెన్‌డ్రైవ్ తాయెత్తులా వేసుకుని తిరిగేవాడు.

నేను ఎర్రమంజిల్ క్వార్టర్స్‌లో మా అక్కా బావల దగ్గర ఉండేదాన్ని. బావకి ఆఫీసులో ఏం పేరుండేదో తెలియదు గానీ, ఇంట్లో నేను పెట్టిన పేరు ఆగుబావ. మంచివాడే. కాకపోతే ఏది కొనాలన్నా ఆగమనేవాడు. ఫ్రిజ్ కొందామంటే రెండు తలుపులది వస్తోంది, ఆగు. టీవీ మారుద్దామంటే గోడకి తగిలించేది వస్తోంది, ఆగు. అలా ఆగీ ఆగీ మా ఇంట్లో టీవీకి నెత్తిన చరిస్తేనే బొమ్మ వచ్చేది. ల్యాప్‌టాప్ అనగానే ఆయన కళ్లజోడు తీసి తుడిచి, "ఆగమ్మా. ఇప్పుడు కొన్నవాడు వెర్రివాడు. ఇంకోటి వస్తుంది చూడు" అన్నాడు. "ఏది బావా? ఎప్పుడు?" అంటే, "వస్తుందమ్మా. ఎప్పుడూ వస్తూనే ఉంటుంది" అన్నాడు. అప్పుడు నవ్వొచ్చింది గానీ, అంత నిజమైన మాట ఆయన జన్మలో ఇంకోటి చెప్పలేదు.

నేను ఆగలేదు. చీటీ పాడేసి, గురువారం సాయంత్రం కటింగ్ భాయ్‌ని వెంటబెట్టుకుని అమీర్‌పేటలో ఒక షాపుకి వెళ్లాను. భాయ్ మా షాపులో కార్డులు కోసే మిషను మీద పనిచేసేవాడు. బేరమాడితే అవతలివాడికి చెమటలు పట్టేవి. "చెల్లె ఫస్ట్ టైమ్ కొంటుంది భాయ్, జర మంచిది చూపియ్యి. ఖరాబ్ పీస్ ఇస్తే రేపు ఈడనే కూసుంట, చాయ్ సుత నువ్వే తాపియ్యాలె" అని ముందే చెప్పేశాడు. సేల్స్ కుర్రాడు తెల్లటి మూత ఉన్నదొకటి తీసి, "గిదే లేటెస్ట్ మేడమ్, మస్తుగ పోతుంది. దీని మీద ఇంకోటి లేదు" అన్నాడు. ఆ తెలుపు చూసి నాకు మతిపోయింది. అప్పుడే తోడుకున్న పెరుగులా ఉంది. ఆటోలో ఇంటిదాకా ఒళ్లో పెట్టుకునే వచ్చాను. గతుకు వచ్చినప్పుడల్లా పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తి పట్టుకున్నాను.

అక్క గుమ్మంలోనే ఆపేసింది. "ఆషాఢంలోనా! కొత్త కోడళ్లనే పుట్టింటికి పంపేస్తారే ఈ నెల్లో. నువ్వు కంప్యూటర్ని కాపురానికి తెచ్చావా?" అంది. ఆషాఢంలోనే డిస్కౌంటు ఇస్తారక్కా అన్నా వినలేదు. దోషం పోవాలంటే బల్కంపేట ఎల్లమ్మ దగ్గర పూజ చేయించాల్సిందే అని తీర్మానించింది. శుక్రవారం సాయంత్రం వెళ్తే, బోనాల జనంతో పాటు కొత్త బళ్లన్నీ వరసగా నిలబడి ఉన్నాయి. స్కూటర్, మోటార్ సైకిల్, ఆటో, వాటి వెనకాల నేను. పంతులుగారు పళ్లెంతో వరసంతా చూసుకుంటూ వచ్చి, "బండేదమ్మా?" అన్నారు. సంచిలోంచి తీసి చూపించాను. ఆయన దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, "నిమ్మకాయలు చక్రాల కింద పెట్టి తొక్కించాలి. దీనికి చక్రాలేవీ?" అన్నారు. మా అక్కకి ఇలాంటి చిక్కులంటే హుషారు. నిమ్మకాయ నేలమీద పెట్టి, "నువ్వు దాన్ని పైనుంచి అలా దాటించవే" అంది. దాటించాను. "నలగలేదే, నలగకపోతే ఎలా?" అంది. ముందున్న ఆటో అన్న చూసి చూసి, "అక్కా, గిటియ్యి, నా ఆటో కింద పెట్టి తొక్కిస్త" అన్నాడు. నేను ల్యాప్‌టాప్ గుండెకి హత్తుకుని రెండడుగులు వెనక్కి దూకాను. "అయ్యో, నిమ్మకాయనమ్మా! నీ డబ్బా నువ్వే ఉంచుకో" అని ఆటో అన్న, ఆయనతోపాటు వరసలో వాళ్లందరూ ఒకటే నవ్వు. ఆ సందట్లో అక్క ఆగిందా? తడి పసుపు అరచేత్తో తీసుకుని ఆ తెల్ల మూత మీద ఇంత స్వస్తిక్ వేసి, నాలుగు మూలలా రాసి, మధ్యలో మూడు కుంకుమ బొట్లు పెట్టేసింది. ఆషాఢదోషం కదా, ఎందుకైనా మంచిదని రెండో పూత కూడా వేసింది.

శనివారం పొద్దున పేపర్లోంచి రంగుల కాగితం ఒకటి జారి ఆగుబావ ఒళ్లో పడింది. ఆయన ముఖం అంతలా వెలగడం నేను వాళ్ల పెళ్లి ఫోటోల్లో కూడా చూడలేదు. "మునుపటికన్నా సన్నం" అని చదివి నావైపు చూశాడు. "మునుపటికన్నా తేలిక." మళ్లీ చూశాడు. "పైన కెమెరా. అదే ధర." కాఫీ ఒక గుక్క తాగి, "పాత మోడల్ తీసుకున్నవాళ్లు ఏమైపోతారో పాపం" అన్నాడు. "పాతదేంటి బావా, మొన్ననేగా కొన్నాను!" అన్నాను. "అదేనమ్మా నేననేది. మొన్నటిది" అన్నాడు. ఏడుపొకటి, కోపమొకటి, ఏది ముందు రావాలో తెలియలేదు. టిఫిన్ కూడా తినకుండా సంచి పట్టుకుని అమీర్‌పేట పరిగెత్తాను. దారిలో భాయ్‌ని లాక్కెళ్లాను.

"దీని మీద ఇంకోటి లేదన్నావ్‌గా? ఇదేంటి మరి?" అని కాగితం ఆ కుర్రాడి ముఖం ముందు ఆడించాను. "మాకు సుత నిన్ననే తెల్సింది మేడమ్, ఎల్లమ్మ తోడు" అన్నాడు. నన్ను చూసి జాలేసిందో, భాయ్‌ని చూసి భయమేసిందో, "పరేషాన్ గాకుండ్రి. కొని రెండు దినాలే కదా, కొత్త పీస్ లెక్కనే ఉంటే వాపస్ తీసుకొని కొత్త మోడల్ బుక్ చేస్త" అని సంచి తెరిచాడు. తెరిచి, చెప్పులు విడిచి, మూత మీదున్న బొట్లని తాకి కళ్లకద్దుకున్నాడు. "మేడమ్, దేవునికి చూపెట్టిండ్రా! గిట్ల పసుపు రాసిన సామాన్ వాపస్ తీసుకుంటే మా సేటు నన్ను వాపస్ పంపుతడు" అన్నాడు. కాసేపు గోకి చూసి, "స్పిరిట్ పెట్టి తుడిస్తే పోతదేమో. మీరు ఊ అంటే తుడుస్త" అన్నాడు. భాయ్ "ఊ అను చెల్లె, ఫికర్ మత్ కరో" అని మోచేత్తో పొడిచాడు. నేను ఊ అనబోతూ అడిగాను: "కొత్తది ఎప్పుడొస్తుంది?"

"పదిహేను దినాలు పట్టొచ్చు మేడమ్. అందరు ఆగుతున్నరు."

అప్పుడు చూశాను, పక్క కౌంటర్ దగ్గర పెన్‌డ్రైవ్ తాయెత్తు. సారు మేనల్లుడు, చేతిలో బుకింగ్ రసీదుతో. "నువ్వూ కొత్తదేనా? తెలివైనదానివే" అన్నాడు. సోమవారం మాటేంటి అన్నాను. "మామయ్య ఆగుతాడులే. కొత్తది వస్తుంటే ఎవరైనా పాతది కొంటారా?" అని నవ్వాడు. ఆ నవ్వులో నాకు అచ్చంగా మా ఆగుబావ కనిపించాడు. నెత్తిన చరిస్తేగానీ రాని మా టీవీ బొమ్మ కనిపించింది. ఒక్క ఉదుటున సేల్స్ కుర్రాడి చేతిలోంచి ల్యాప్‌టాప్ లాక్కున్నాను. "తుడవద్దు! మా అక్క రెండు పూతలు వేసింది. మీరంతా ఆగండి. నాకు సోమవారం పనుంది" అని షాపంతా వినబడేలా అరిచి బయటికొచ్చేశాను. మెట్లు దిగాక భాయ్, "చెల్లె, బ్యాగ్ ఆడనే మరిచినవ్" అన్నాడు. (మళ్లీ లోపలికెళ్లి తెచ్చుకోవాల్సి వచ్చింది. అంత గొప్పగా అరిచాక మళ్లీ వెళ్లడం ఎంత కష్టమో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.)

సోమవారం శుభలేఖ సారు నా ల్యాప్‌టాప్ మూతని, కార్డు ప్రూఫు దిద్దుతున్నట్టు నాలుగు మూలలా చూశారు. కుర్చీ గురించి ఇంకా ఊ అనలేదు, ఆహా అనలేదు. అంతలో శ్రావణం పెళ్లివాళ్లు వచ్చారు. పెళ్లికొడుకు అమ్మమ్మ కౌంటర్ మీది కార్డులన్నీ వదిలేసి నా ల్యాప్‌టాప్ దగ్గరికొచ్చి ఆగిపోయింది. "శుభలేఖకి నాలుగు మూలలా పసుపు పెట్టడం మా తాతల నాటి నుంచీ చూస్తున్నా గానీ, శుభలేఖ రాసే మిషనుకి కూడా పెడతారా తల్లీ! మీ పద్ధతి బాగుంది. మావాడి కార్డు దీనిమీదే వెయ్యి" అంది. సారు గొంతు సవరించుకున్నారు. "మా షాపు సంప్రదాయం అమ్మగారూ" అన్నారు, పుట్టినప్పటి నుంచీ ఉన్నట్టు. తర్వాత నావైపు తిరిగి, "చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి గారూ, ఆసనం అలంకరించవలసిందిగా ప్రార్థన" అన్నారు. నేను కూర్చుని, ముందు ఒకసారి ప్రింటర్ దాకా జారి, మళ్లీ వెనక్కి జారి వచ్చాను. పని తర్వాత మొదలుపెట్టాను. మేనల్లుడు తన కెమెరా మోడల్‌తో వచ్చేసరికి శ్రావణం సగం గడిచింది. "ముహూర్తం మించినది నాయనా" అన్నారు సారు.

ఇప్పుడు పంజాగుట్టలో నాదో చిన్న షాపు. కార్డులు ఎక్కువగా ఫోన్లలోనే పంపుకుంటున్నారు, అవీ చేస్తాను. ఆ ల్యాప్‌టాప్ ఎప్పుడో ఊపిరి వదిలేసింది గానీ, మూత మాత్రం అద్దాల అల్మరాలో ఉంది. పసుపు కాస్త వెలిసినా, స్వస్తిక్ ఇంకా తెలుస్తూనే ఉంది. ఆగుబావ రిటైరయ్యాడు. మంచి ఫోను కొనుక్కుందామని ఇంకా ఆగుతున్నాడు. మొన్న నేను కొత్త ల్యాప్‌టాప్ కొనడానికి వెళ్తే సేల్స్ అమ్మాయి గొంతు తగ్గించి, "ఆగండి మేడమ్, వచ్చే నెల ఇంకోటి వస్తోంది" అంది. "ఎప్పుడూ వస్తూనే ఉంటుందమ్మా, ఇదే ప్యాక్ చెయ్యి" అన్నాను. బయటికొచ్చి ఆటో ఎక్కగానే చేతులు వాటంతట అవే దాన్ని ఒళ్లోకి తీసుకున్నాయి. గతుకు రాగానే పైకెత్తి పట్టుకున్నాయి. అమీర్‌పేట చౌరస్తాలో ఆటో ఆగినప్పుడు, ఆ తెల్ల ల్యాప్‌టాప్‌ని హత్తుకుని ఏడుపు దిగమింగుతూ పరిగెత్తిన ఆ పిల్ల ఎదురుపడితే ఏం చెప్పాలా అనుకున్నాను. ఆగు అని మాత్రం అనను. పక్కకి జరిగి చోటిచ్చి, నిమ్మకాయలు తెచ్చుకున్నావా అని అడుగుతాను.