ఎలీషా అన్నకు ఇచ్చిన మాట

హిమాయత్ సాగర్ ఒడ్డు బురదకు ఒక పచ్చి వాసన ఉంటుంది. పొద్దున పిల్లల సైకిళ్లు కడుగుతుంటే ఆ వాసన చేతులకు అంటుకుంది. ఎలీషా అన్న గుర్తొచ్చి కాసేపు పని సాగలేదు. బురదలో, రాళ్లలో సైకిల్ పందేలు ఆడటమే ఆయన బతుకు. దేశం తరఫున ఆడిన ఆ మనిషిని మా శంషాబాద్‌లో సగంమంది పాల ప్యాకెట్లు వేసేవాడనుకునేవారు. తెల్లవారకముందే సైకిల్ మీద కనబడేవాడు మరి.

ఇంటర్ చదువుతూ ఆయన దగ్గర చేరాను. నెల రోజులు సైకిల్ ఎక్కనివ్వలేదు. దాన్ని భుజాన వేసుకుని గట్టు పొడవునా పరుగెత్తమనేవాడు. "తొక్కుడు నేర్చుకోనీకి వచ్చిన అన్నా, మోసుడు కాదు" అని ఒకరోజు ఏడుపు మొహం పెట్టాను. "బురదల దిగబడితే సైకిల్ నిన్ను మోస్తదా చెల్లె? ఇగ ఉరుకు" అన్నాడు. మొదటి పందెంలో అందరూ బురదలో సైకిళ్లు తోస్తుంటే నేను భుజానేసుకుని దాటిపోయాను. ఆ తరవాత ఆయన మాటకు ఎన్నడూ ఎదురు చెప్పలేదు. చెప్పాల్సిన రోజున కూడా చెప్పలేదు.

జాతీయ జట్టు ఎంపికకు వారం ముందు, సాధన చేస్తూ రాళ్ల వాలు దిగుడులో పడ్డాడు. హెల్మెట్ పగిలింది. మర్నాడు చక్రానికి గాలి కొట్టబోయి, పంపు పెట్టే చోటు దొరకక మూడుసార్లు తడిమాడు.

"ఏందన్నా?"

"అన్నీ రెండు రెండు కనిపిస్తున్నయ్. ఎవ్వరికీ చెప్పకు."

"దవాఖానకు పోదాం."

"పోతే ఆడనియ్యరు. ముప్పై ఆరేండ్లు వచ్చినయ్. ఈసారి తప్పితే ఇగ నన్నెవరు పిలుస్తరు? మాట ఇయ్యి."

ఇచ్చాను. ఎంపిక పందెం రోజు ఆటగాళ్లను పరీక్షించే డాక్టర్ గారు మీ అన్న బాగున్నాడా అని నన్నే అడిగారు. "మంచిగున్నడు సార్" అన్నాను. రెండో చుట్టులో, దిగుడు మధ్యలో, అన్న దారి లేని వైపు సైకిల్ తిప్పాడు. వెన్నెముక విరిగింది.

మళ్లీ లేవలేదు. మంచం మీదే రెండేళ్లు ఉండి కన్నుమూశాడు. ఆ రెండేళ్లలో ఒక ఆదివారం ఇంట్లోవాళ్లు చర్చికి పోయిన వేళ ఆయన పక్కన కూర్చుని, "ఆ రోజు డాక్టర్‌కు చెప్పాల్సుండె అన్నా" అని ఏడ్చాను. "చెప్పి ఉంటే నిన్ను జిందగీల మాఫ్ చేస్తుంటినా?" అన్నాడు.

ఇప్పుడు నేను నేర్పుతున్నాను. తలకు దెబ్బ తగిలితే ఎవరినీ ఆడనివ్వను. మొన్న అట్లా ఎంపిక పోగొట్టుకున్న అమ్మాయి, ఎదురుపడినా మొహం తిప్పుకుని నడిచిపోతోంది. ఎలీషా అన్న కూడా నా మీద అంత కోపంతో, అట్లాగే నడిచిపోతూ ఉంటే ఎంత బాగుండేది.