సారు బంద్ చేసిన మాట

మొన్న గురువారం పొద్దున మా సారు పోయారు. ఆయన భార్య, మేమంతా అమ్మ అని పిలిచే ఆమె, ఫోన్ చేసి “సారు పోయిండు బిడ్డా” అన్నారు. నిజామాబాద్‌లో సారు పక్కన తొమ్మిదేళ్లు కూర్చుని కౌన్సెలింగ్ పని నేర్చుకున్నదాన్ని కాబట్టి ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాయమని అందరూ అంటున్నారు. రాస్తాను. కానీ నా గురించి ఒక చెడ్డ మాట కూడా రాయక తప్పదు.

సారు చేసేది అస్తిత్వ చికిత్స. చావు భయం, ఒంటరితనం, మన నిర్ణయాలు మనమే తీసుకోవాల్సి రావడం, బతుక్కి అర్థం దొరక్కపోవడం. మనిషిని లోపల తొలిచే వీటి గురించి నేరుగా మాట్లాడించడం. “గంత పెద్ద పేరు చెప్తే మనోళ్లు ఉరుకుతరు” అని, బోర్డు మీద ‘మాట్లాడుకుందాం’ అని మాత్రం రాయించారు.

అందరికీ ఒకే పద్ధతి పెట్టేవారు కాదు. బోధన్‌లో ఫ్యాక్టరీ మూతబడి ఇంట్లో కూర్చున్న ఒక పెద్దమనిషిని, “ఇయ్యాల నీకోసం ఎవరు ఎదురుచూస్తున్నరు?” అని అడిగారు. ఆయన “బర్రె” అన్నాడు. “అయితే బర్రె నుంచే షురూ చేద్దాం” అన్నారు సారు. భర్త పోయిన బీడీల అక్కను అసలు ఏమీ అడగలేదు. చాట తెచ్చుకోమని, ఆమె బీడీలు చుడుతుంటే పక్కన ఊరికే కూర్చున్నారు. మూడో వారం ఆమే నోరు విప్పింది. నవీపేట్ నుంచి క్యాన్సర్‌తో వచ్చిన రైతుతోనైతే మొదటి రోజే చావు మాట ఎత్తారు. నేను మాట మార్చాలని చూశాను. ఆ రైతు మాత్రం “ఇన్ని దినాలకు ఒక్కరన్న అడిగిండ్రు సారూ” అని ఏడ్చి, తేలికపడి వెళ్లాడు.

సారు కౌన్సెలింగ్ చేసే గదిలో ఒక్క మాట బంద్: ‘ఏంగాదు’. జ్వరమొచ్చినా, కొంప మునిగినా మనవాళ్లు ముందు అనేది అదే కదా. కొత్తలో నేను ఓ తల్లితో అలా అంటే, ఆమె వెళ్లాక సారు కసిరారు. “ఏంగాదు అంటే ఇగ చెప్పకు అన్నట్టే. నీకు భయమైతే నాకు చెప్పు, ఆమె నోరు మూయకు.” ఆ తర్వాత నేను కూడా ఎంతమందికి ఈ పాఠం చెప్పానో!

పోయిన నెల, ఇక లాభం లేదని డాక్టర్లు సారును ఇంటికి పంపారు. చూడ్డానికి వెళ్లాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నారు.

“బిడ్డా, నాకు మస్తు భయమైతుంది. ఎవరికీ చెప్పలే. జర కూసో, చావు గురించి మాట్లాడాలె.”

నేనేమన్నానో తెలుసా? “ఏంగాదు సార్! నెలకల్లా మళ్ల గదికొస్తరు” అన్నాను. పైగా నవ్వాను.

ఆయన నా మొహం చూశారు. కసరలేదు. చెయ్యి వదిలి, “సరే గానీ, కోటగిరిల మీ పొలం నాట్లయినయా?” అని అడిగారు. అప్పుడైనా కూర్చోవచ్చు కదా! నాట్ల సంగతి గడగడా చెప్పేసి, చాయ్ తాగి బయటపడ్డాను. గడప దగ్గర చెప్పులు వేసుకుంటుంటే, లోపల ఆయన అమ్మతో అంటున్నది వినబడింది.

“పిల్ల భయపడ్డది. ఫోన్ చేస్తే నేను మంచిగున్ననని చెప్పు.”

తిరిగి లోపలికి వెళ్లాలంటే నాలుగడుగులే. నేను స్కూటీ తాళం వెతుక్కున్నాను.

ఆ తర్వాత రోజూ ఫోన్ చేశాను. “మంచిగున్నడు బిడ్డా” అనేవారు అమ్మ. వెనక ఆయన మూలుగు నాకు వినబడుతూనే ఉండేది. “సంతోషం అమ్మా” అని పెట్టేసేదాన్ని.