ఇడ్లీ తిన్న కోడి

పాడేరులో డిగ్రీ పిల్లలకు సంభావ్యత చెప్పడం నా ఉద్యోగం. మొదటి రోజు రూపాయి బిళ్ల ఎగరేస్తాను, బొమ్మా బొరుసూ రెండే కాబట్టి సగం సగం అంటాను, పిల్లలు రాసుకుంటారు. ఏళ్ల తరబడి సాఫీగా సాగిన పాఠం. ఒక ఏడాది మాత్రం ముందు బెంచీ అమ్మాయి లేచి, వాళ్ల ఊళ్లో కోడి ముందు బియ్యం పోస్తారని, తింటే కొండదేవత ఒప్పుకున్నట్టని, తినకపోతే లేదని, దానికీ సగమేనా అని అడిగింది. రెండే కదా, సగమే అన్నాను. ఆకలేసిన కోడయితేనో అంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. సిలబస్ బోలెడుంది, కూర్చోమ్మా అన్నాను.

ఆ అమ్మాయికే మూడేళ్ల తర్వాత విశాఖపట్నంలో ఎమ్మెస్సీ సీటొచ్చింది. గడువు రోజు పొద్దున్నకల్లా అక్కడ సర్టిఫికెట్లు చూపించి చేరకపోతే సీటు పోతుంది. ఇంట్లో వాళ్లకు అభ్యంతరం లేదు గానీ, కొండ దిగి అన్నాళ్లు ఉండాలంటే కోడిని అడగాల్సిందే. మీరొచ్చి మా నాన్నకు రెండు మాటలు చెప్పండి సార్ అని ఆ అమ్మాయి అడిగితే, గడువుకు ముందు రోజు పొద్దున్నే వాళ్ల ఊరికి జీపెక్కాను.

నేను వెళ్లేసరికి ఇంటిల్లిపాదీ దిసారిని పిలుచుకురావడానికి పోయారు. దిసారంటే వాళ్ల ఊరి పూజారి, ముహూర్తాలూ ఆయనే చూస్తాడు. అరుగు మీద కూర్చుని, పాడేరులో కట్టించుకున్న ఇడ్లీ పొట్లం విప్పాను. కాలికి తాడేసి స్తంభానికి కట్టేసిన కోడిపెట్ట ఒకటి నా నోటి వంకే చూస్తోంది. అలా చూస్తుంటే నాకు ముద్ద దిగదు. ఒక ఇడ్లీ పెట్టాను. రెండోదీ పెట్టాను. మూడోది అది అడక్కుండానే పెట్టాను. చట్నీ ముట్టలేదు, బుద్ధిమంతురాలు అనుకున్నాను.

దిసారి వచ్చి ముగ్గేసి, మధ్యలో గుప్పెడు బియ్యం పోసి, ఆ పెట్టనే తెచ్చి నిలబెట్టాడు. ఊరంతా చుట్టూ చేరింది. కోడి బియ్యాన్ని చూసింది, ముగ్గును చూసింది, నన్ను చూసింది. తర్వాత మెల్లగా ఆ గింజల మీదే కూలబడి కళ్లు మూసుకుంది.

అమ్మాయి మొహం పాలిపోయింది. నిన్న సాయంత్రం నుంచి దానికి గింజ పడకుండా కాపలా కాసింది తనే. అది మోసం కాదు, ఆ ఊళ్లో అందరూ చేసేదే. దేవతను ఆకలి కోడితో అడగడమే మర్యాదట. తప్పంతా నాది, మూడు ఇడ్లీలు పెట్టాను, దేవతకు ఇందులో సంబంధం లేదు అని అందరి ముందూ ఒప్పేసుకున్నాను.

దిసారి కోప్పడలేదు. నా పక్కన కూర్చుని ఓపికగా అడగడం మొదలుపెట్టాడు. ఇంతకు ముందెప్పుడైనా ఈ ఊరు వచ్చానా? రాలేదు. ఈ ఊళ్లో కోళ్లు వందుంటాయి, తెలుసా? తెలీదు. ఏడాదికి రోజులెన్ని? చెప్పాను.

“ఇన్ని రోజుల్లో ఇయ్యాలే వొచ్చావు, ఇన్ని కోళ్లలో ఈ కోడికే పెట్టావు. లెక్కల మేస్టారివి గదా, ఇది ఊరికే జరిగిందనడానికి ఎంతుంటాది?”

వృత్తి మనిషిని ఎంత గాడిదను చేస్తుందో చూడండి. నేను పెన్ను తీసి, ఇడ్లీ కాగితం మీదే గుణించాను. ముప్పయ్యారు వేల అయిదు వందల్లో ఒకటి అన్నాను. ఊరంతా నోళ్లు నొక్కుకుంది. అంటే ఊరికే జరగలేదు, దేవతే నీ చేత పెట్టించింది, వద్దంటోంది అని దిసారి తేల్చేశాడు. తండ్రి తల దించుకున్నాడు. నా లెక్కలో తప్పు నాకే దొరకలేదు. కింద రోడ్డు మీద జీపు హారన్ కొడుతోంది, ఆ రోజుకి అదే ఆఖరిది.

అమ్మాయి వచ్చి దిసారి ముందు నిలబడింది. కళ్లనిండా నీళ్లు.

“తాతా, కోడిని అడిగేది ఇయ్యాలని తెలిసే సారుని ఇయ్యాల రమ్మన్నాను. మిగతా కోళ్లన్నీ మేతకు పోనాయి, అరుగు కాడ కట్టేసి ఉన్నది ఇదొక్కటే. అక్కడ కూకుని తిన్నోళ్లు ఎవరైనా దీనికే పెడతారు. సారు లెక్క తప్పు. ఇందులో వింతేటీ నేదు.”

షరతుతో కూడిన సంభావ్యత అని రెండు వారాలు నోరు నొప్పెట్టేలా నేను చెప్పిన పాఠమే అది. ఒక సంగతి ముందే తెలిస్తే లెక్క మారిపోతుంది. పిల్ల దాన్ని ఎంచక్కా వాడేసింది, నేను కాగితం పట్టుకుని కూర్చున్నాను.

దిసారి నా వైపు తిరిగి, గుంట చెప్పింది నిజమేనా అని అడిగాడు. నిజమే, నాదే తప్పు అన్నాను. ఆయన లేచి, కోడిని ఎత్తి పక్కన పెట్టి, ఈ అడగడం చెల్లదన్నట్టు ముగ్గు చెరిపేశాడు. తర్వాత తండ్రితో అన్నాడు.

“తప్పు లెక్కలేసే మేస్టారి కాడే గుంట ఇంత నేర్సింది. బేగి జీపెక్కించు. ఒప్పు లెక్కలు సెప్పేవోళ్ల కాడికి పంపు.”

నాకు చచ్చేంత సిగ్గేసింది, అంతకంటే ఎక్కువ ఏడుపొచ్చింది. ఆ అమ్మాయి పెట్టె నేనే నెత్తికెత్తుకుని జీపు వైపు పరిగెత్తాను.