స్ప్రింగు త్రాసుతో పరవాడ దాకా

ఈ ప్రయాణం నేను సరదాకి పెట్టుకున్నది కాదు. ఒక ఫారంలో, ఒక గడిలో, ‘లేదు’ అన్న మాట చూసి బయల్దేరాను.

తల్లుల, అప్పుడే పుట్టిన పిల్లల ఆరోగ్యం మీద జరుగుతున్న ఒక పరిశోధనలో నేను ఏడాదిగా సహాయకురాలిని. ఏ ఊళ్ళో ఎందరు పుట్టారు, నలభై రోజులు తిరిగేసరికి ఎందరు మిగిలారు, పోయినవాళ్ళు ఎందుకు పోయారు, ఇవి వెతికి రాయడం మా పని. మా ఫారం ఒక్క విశాఖ పల్లెల కోసం తయారైంది కాదు. ఎన్నో దేశాల్లో ఇవే ప్రశ్నలు, ఇవే గడులు. మా నాన్న రేవులో కళాసీ. ఇంట్లో బడి మెట్లెక్కిన మొదటిదాన్ని నేనే. అందుకని ఆ గడులంటే నాకు కొంచెం భక్తి కూడా ఉండేది.

పరవాడకి రెండు మైళ్ళ అవతల ఒక ఊళ్ళో అప్పలనరసమ్మ అనే ఆవిడకి ఆడపిల్ల పుట్టిన మూడో రోజున నేనే వెళ్ళి తూచాను. రెండు కిలోలకు వంద గ్రాములు తక్కువ. అంతకు ముందు ఇద్దరు పుట్టి పోయారు. ఆస్పత్రికి పంపాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. పాప పాలు బాగానే లాగుతోంది, ఒళ్ళు వెచ్చగానే ఉంది. గుండెకి హత్తుకుని పడుకోబెట్టమని, స్నానం ఆపమని, గంటగంటకీ పాలివ్వమని చెప్పి వచ్చేశాను. నలభై రోజులయ్యాక మా జట్టులోని సుధ వెళ్ళింది. ‘బిడ్డ ఉందా?’ అన్న ప్రశ్న ఎదురుగా ‘లేదు’ అని రాసుకొచ్చింది. ఆ మాట అన్నాక తల్లి లోపలికి వెళ్ళిపోయిందట. ఏడిపించడం ఇష్టం లేక సుధ ఇంకేమీ అడగలేదు.

“కారణం లేకుండా ఫారం మూయలేం. మొదటిసారి చూసింది నువ్వే కాబట్టి నువ్వే వెళ్ళి అడుగు,” అన్నారు పరిశోధన నడిపే మా మేడమ్. ఆవిడ కోప్పడలేదు. కోప్పడి ఉంటేనే బాగుండేదనిపించింది. ఆ రోజే పాపని ఆస్పత్రికి పంపి ఉండాల్సిందా? ఆ ఒక్క ప్రశ్న సంచీలో వేసుకుని మర్నాడు బయల్దేరాను.

పాత పోస్టాఫీసు దగ్గర ఆరున్నరకి బస్సు. మా అమ్మ సందు మొదట్లో నుంచుని, “తవుడూ, గొడుగట్టుకెళ్ళే!” అని కేకేసింది. బస్సు కోసం నిలబడ్డవాళ్ళంతా తిరిగి చూశారు. ఇంట్లో నన్ను పిలిచే పేరు అదే. గేదెల కుడితిలో కలిపే తవుడు. చామనచాయగా పుట్టానని అలా పెట్టారేమో అనుకునేదాన్ని. బళ్ళో మేష్టారు విజయలక్ష్మి అని రాశాక, కాలేజీలో ఎవరికీ ఆ పాత పేరు తెలియనివ్వలేదు. తల దించుకుని బస్సెక్కాను.

కూర్మన్నపాలేనికి టిక్కెట్టు రూపాయిన్నర, ప్రయాణం గంటకు పైనే. గాజువాక దాటేదాకా కిటికీ పక్క సీటు దొరకదు. దాటాక దొరికినా దుమ్ము. ఉక్కు కర్మాగారం ఇంకా కడుతూనే ఉన్నారు. ఇనుప దూలాలు వేసుకున్న లారీలు వరసగా వెళ్తుంటే బస్సు వాటి వెనకే నడిచింది. కూడలిలో దిగి టీ తాగాను. అక్కడి నుంచి పరవాడ బస్సు ఎనిమిదింటికని చెప్తారు గాని నమ్ముకోకూడదు. ఆ రోజు రానే లేదు. నలుగురితో కలిసి ఆటో ఎక్కితే మనిషికి రెండు రూపాయలు. ఏ పని మీద వెళ్ళినా వెంట ఉండే స్ప్రింగు త్రాసు కొక్కెం నా సంచీలోంచి బయటికి కనబడుతోంది. ఆటో అతను దాన్నే చూస్తున్నాడు.

“ఏటమ్మా, సేపలు కొనడానికెల్తన్నావా?”

“కాదండీ. పిల్లల్ని తూచడానికి.”

“పిల్లల్నా? కిలో ఎంతేటి?”

బండిలో అందరూ నవ్వారు. ఇంకో రోజైతే నేనూ నవ్వేదాన్ని. నవ్వకపోవడం చూసి అతను గొంతు తగ్గించి, “ఏటో అన్నాను, ఏటనుకోకమ్మా,” అన్నాడు.

పరవాడలో దిగి, చెరువు గట్టు మీదుగా రెండు మైళ్ళు నడక. చెప్పులు చేత్తో పట్టుకుంటేనే తొందరగా నడవగలం. తొమ్మిదిన్నరకి ఊరు చేరాను.

అప్పలనరసమ్మ వాకిట్లో చోళ్ళు, అదే రాగులు, చెరుగుతోంది. నన్ను చూసి చేట పక్కన పెట్టి పీట వాల్చింది. లోపలి నుంచి వాళ్ళత్తగారు కూడా వచ్చి గుమ్మానికి ఆనుకుంది. రాత్రంతా కూర్చుకున్న మాటల్లో ఒక్కటే బయటికొచ్చింది.

“పాప...” అన్నాను.

“నాకు పిల్ల నేదు,” అంది అప్పలనరసమ్మ. తడబాటు లేదు, కన్నీరు లేదు. కళ్ళు మాత్రం పక్కింటి దడి మీద ఉన్నాయి.

నేను ఫారం తీశాను. “ఏడుపు సన్నగా అయిందా? పాలు తాగడం మానేసిందా? ఒళ్ళు చల్లబడిందా?” వరసగా చదివాను, తల ఎత్తకుండా.

“ఓలమ్మో, ఏటా పాడు మాటలు! ఎవులికి సల్లబడాల?” అత్తగారు గట్టిగా అరిచింది. “ఆ కాయితం లోపలెట్టు ముందు!”

సరిగ్గా అప్పుడే దడి అవతల ఒక పసిబిడ్డ ఏడ్చింది. వెంటనే ఒక ముసలి గొంతు, “తవుడూ! వొలే తవుడూ, ఊరుకోయే!” అని కసిరింది.

“ఆఁ, వస్తన్నా!” అన్నాను నేను.

ఇరవై మూడేళ్ళ అలవాటు. నోరు దానంతటదే పలికింది. పీట మీంచి సగం లేచేశాను కూడా.

అత్తా కోడలూ నావైపు తిరిగారు. దడి మీంచి ఊరి మంత్రసాని నూకాలమ్మ తల పైకి లేచింది. “నిన్నెవులు పిలిసారే?” అంది.

“మా ఇంట్లో నన్ను... తవుడూ అంటారు,” అన్నాను. బయటివాళ్ళకి ఆ మాట చెప్పడం అదే మొదటిసారి.

“ఎంతకమ్మేసారేటి నిన్ను?”

“అంటే?”

“సదూకున్న గుంటకి ఇది తెల్దా!” నూకాలమ్మ పకపకా నవ్వింది. “మీయమ్మకి నీకు ముందోళ్ళు పోయుంటారు. అవునా? అందుకే నిన్ను తవుడికి అమ్మేసింది. అమ్మేసిన సరుకు మీదికి సావు రాదు. ఆ తల్లిది కాందాన్ని ఎలా అట్టుకెల్తాది?”

నాకన్నా ముందు ఇద్దరు మగపిల్లలు పోయారని మా అమ్మ ఎప్పుడో చెప్పింది. ఆ సంగతికీ నా పేరుకీ ముడి ఉందని ఎప్పుడూ తోచలేదు.

“పదకొండో రోజున సేటెడు తవుడిచ్చి కొన్నాను,” అంటూ నూకాలమ్మ దడి సందులోంచి పాపని అందించింది. “నా పిల్ల. ఈ నర్సమ్మ ఊరికే పాలిస్తాది, అంతే. ఏటే?”

“ఔను. నాకు పిల్ల నేదు,” అంది అప్పలనరసమ్మ మళ్ళీ. ఈసారి పెదాల చివర నవ్వు దాచుకుంటూ. పాపని అందుకోగానే పైట కిందికి లాక్కుంది. పాప ఏడుపు ఆపేసింది. బుగ్గలు నిండుగా ఉన్నాయి. నేను పీట మీద కూలబడి ఏడ్చేశాను. “ఉన్న పిల్లకి ఏడుత్తావేటే!” అని అత్తగారు నా వీపు నిమిరింది.

పాలు తాగడం అయ్యాక గుడ్డ ఉయ్యాల త్రాసుకి తగిలించి తూచాను. మూడు కిలోలకు వంద తక్కువ. పైకి చదవబోతే నూకాలమ్మ నా నోరు మూసింది. దిష్టి. ఫారంలో తల్లి పేరు దగ్గర ఎవరిని రాయాలో తెలియక ఆగాను. “నన్నే రాయి, కొన్నది నాను,” అంది. పెన్సిలుతో ఇద్దరినీ రాశాను. సుధది కృష్ణా జిల్లా, తనకి ఇది తెలియకపోవడంలో తప్పు లేదు. తెలియాల్సింది నాకు.

చోడి అంబలీ, వేయించిన నెత్తళ్ళ చేపలూ పెట్టి గాని వదల్లేదు. వచ్చేటప్పుడు గట్టు మీద నడుస్తుంటే త్రాసు సంచీలో గలగలమంటూనే ఉంది, పొద్దున అంత బరువున్న సంచీ అది కాదనిపించింది. పరవాడలో రెండున్నరకి పొద్దుటి ఆటోయే దొరికింది.

“సేప ఎంత తూగినాదమ్మా?”

“చెప్పకూడదండీ,” అన్నాను. ఈసారి నేనే ముందు నవ్వాను.

మర్నాడు మేడమ్‌కి చెప్తే ఆవిడ పాత ఫారాల కట్ట ముందుకు లాక్కున్నారు. “మనం ఇలా కాగితం మీద ఎందరిని చంపేశామో,” అన్నారు. ‘లేదు’ అని రాసిన ప్రతి ఇంటికీ మళ్ళీ వెళ్ళాం. అన్ని ఇళ్ళ పక్కనా నూకాలమ్మ లేదు. కొన్ని ‘లేదు’లు నిజంగా లేదులే. ఆ తల్లుల దగ్గర కూర్చున్న రోజులు వేరు. అయినా ఇంకో రెండు దడుల వెనక ఏడుపులు వినిపించాయి. ఇప్పుడు మా ఫారంలో ‘బిడ్డ ఉందా?’ తరవాత ఇంకో ప్రశ్న చేరింది: ‘ఎవరి దగ్గర పెరుగుతోంది?’ ఇలాంటి ఆచారాలు ఇంకెక్కడ ఉన్నాయో కనుక్కోమని మేడమ్ మిగతా దేశాల వాళ్ళకి ఉత్తరం రాశారు. జనం ఎందుకు బతికారో, ఎందుకు పోయారో వెతకడమే నా జీవితకాలపు పని కావాలని నాకు ఆ వారంలోనే గట్టిగా అనిపించింది. ఇంటికెళ్ళి మా అమ్మని అడిగాను, నన్ను ఎవరు కొన్నారని. “నీకెందుకే? ఇంకా అడుగులు నేర్సుకుంటన్నావు కదా, అవనీ,” అని ముఖం తిప్పుకుంది. బిడ్డ నడక కుదిరేదాకా కన్నతల్లి ఆ అమ్మకం మాట ఎత్తకూడదట. తన లెక్కలో నాకింకా ఆ గడువు తీరలేదు.

మీలో ఎవరైనా సర్వే పని మీదో, మరో పని మీదో ఆ పల్లెల వైపు వెళ్తే ఒక్కటి గుర్తుంచుకోండి. వాకిట్లో పీట వేసి పేరు అడిగితే, బళ్ళో రాసిన పేరు చెప్పకండి. ఇంట్లో పిలిచే పేరు చెప్పండి.