ముందరమ్మ వెనకబడిన రోజు

లాండ్రీలో ఆమెకు అసలు పేరొకటి ఉందని జీతాల గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. చాటున అందరూ ముందరమ్మ అనేవాళ్ళు. నలుగురితో కలిసి బయలుదేరినా నాలుగు అడుగులు ముందుండటం ఆమెకు పుట్టుకతో వచ్చిన జబ్బు. బస్సు పూర్తిగా ఆగకముందే మెట్టు మీద ఉండేది. ఎవరైనా జోకు చెబితే సగంలోనే నవ్వేసి పనిలో పడేది, మిగతా సగం చెప్పినవాళ్ళ నోట్లోనే ఉండిపోయేది.

ఆమె ఇస్త్రీ విభాగానికి సూపర్‌వైజర్. ఆసుపత్రుల దుప్పట్లూ హోటళ్ళ దుప్పట్లూ ఆవిరి రోలర్ల కిందనుంచి కాలిపోతూ బయటికొస్తే ఆడవాళ్ళు ఇద్దరిద్దరు చెరో అంచూ పట్టుకుని మడతపెట్టాలి. ఏడాది పొడుగునా ఆ సెగలో ఉండి, సెలవు దొరకగానే కొండల్లోకి పోయేది. సాయంత్రానికి ఇల్లు చేరే నడకలు కావవి. వీపు మీద గుడారం మోసుకుంటూ వారాల తరబడి ఒక లోయలోంచి ఇంకో లోయలోకి పోయే దూరపు బాటలు. తన వెంట ఓ జట్టును తీసుకెళ్ళేది. నాయకురాలెవరని ఎవరూ అడగనక్కర్లేదు. కంటికి ఆననంత ముందు ఎవరు పోతుంటే ఆవిడే.

మొదట్లో ఆ జట్టులో ఇద్దరే. ఆమె, ఆమె చెల్లెలు. చెల్లెలిది నిదానం నడక. అక్క మలుపు మలుపుకీ ఓ రాయి చూసుకుని కూర్చునేది. నీళ్ళు తాగి, బూట్లు విప్పి కాళ్ళకు గాలి తగలనిచ్చేది. చెల్లెలి తల కనబడగానే బూట్లు తొడుక్కుని లేచేది.

"వచ్చావా? పద పద, ఎండెక్కుతోంది."

ఇందులో తప్పేమిటో ఆమెకు ఏనాడూ తట్టలేదు. పైగా దానికోసం ఇంతింత సేపు ఆగుతున్నానే అని కాస్త గొప్పగా కూడా ఉండేది.

ఒక ఏడు, సగం దారి ఇంకా మిగిలుండగా, కనుమ కింద చెల్లెలు బ్యాగు దించి నేలమీద పెట్టేసింది.

"నేనింక రాలేనక్కా. నువ్వెళ్ళు."

"అదేంటే? పొద్దుటినుంచీ నీకోసమే కదే ఆగుతూ వస్తున్నాను."

చెల్లెలు బ్యాగు మళ్ళీ భుజాన వేసుకుంది. వెనక్కి దిగి, ఊళ్ళో బస్సు పట్టుకుని ఇంటికి వెళ్ళిపోయింది. అక్క కనుమ ఎక్కింది. అటుపక్క లోయంతా వెలుగుతో నిండి ఉంది. చూడవే అనబోయి పక్కకు తిరిగితే ఎవరూ లేరు.

ఆ తర్వాత మాటలు పూర్తిగా ఆగిపోలేదు, కానీ ముక్తసరి అయిపోయాయి. ఇద్దరూ ఒకే ఊళ్ళో చెరో మూలా ఉంటూ ఫోన్లో బాగున్నావా అంటే బాగున్నావా అనుకునేవాళ్ళు. దానికి ఓపిక లేదండీ, ఊరికే అలిగింది అని ముందరమ్మ అందరికీ చెప్పేది. ఇంటికొచ్చి తలుపు తీసి, పొద్దున తను వదిలిన గ్లాసు వదిలినచోటే ఉండటం చూసి, కాసేపు దీపం వేయకుండా కూర్చునేది. ఒంటరితనం అన్న మాట మాత్రం ఒప్పుకునేది కాదు. అలసట అనేది.

చెల్లెలు మానేశాక జట్టులోకి లాండ్రీవాళ్ళు కొందరు చేరారు. ఈ ఏడు బాట పట్టేసరికి ఆమె మోకాలు మొండికేసింది. వాచిన కాలికి పట్టీ చుట్టుకుని, ముందు నడిచే పని తన విభాగంలోనే మడతలు పెట్టే పొడుగామెకు అప్పగించింది. తను చివరికి చేరింది. ఈ చివరన ఎలా ఉంటుందో ఆమె ఎన్నడూ చూసింది కాదు.

మొదటి మలుపులో అందరూ చెట్టు నీడన కాళ్ళు బారజాపుకుని నారింజపళ్ళు ఒలుచుకుంటున్నారు. నవ్వులు కిందిదాకా వినబడుతున్నాయి. ఈమె రొప్పుతూ చేరేసరికి పొడుగామె ప్యాంటు దులుపుకుని లేచింది.

"అమ్మయ్య, వచ్చేశారా మేడమ్? పదండి మరి."

అందరూ లేచారు. నీడలో నారింజ తొక్కలు మిగిలాయి. తర్వాతి మలుపులోనూ అదే తంతు. ఆ తర్వాతా అంతే. పాపం, వాళ్ళు మర్యాదగానే ఆగుతున్నారు. ఆమె వచ్చేదాకా ఒక్కరూ కదలడం లేదు, వచ్చాక ఒక్కరూ కూర్చోవడం లేదు. మధ్యాహ్నానికి తొడలు వణకసాగాయి. బాట మీద మనిషన్నవాడు లేడు. పొద్దుటినుంచీ నీకోసమే కదే ఆగుతూ వస్తున్నాను. తన గొంతే తనకు వినబడింది. ముందరమ్మ దారి మధ్యలో, దుమ్ములోనే చతికిలబడి ఏడ్చింది. అడిగేవాళ్ళుంటే మోకాలి నొప్పి అని చెప్పేది. అడిగేవాళ్ళు లేరు.

సాయంత్రం గుడారాల దగ్గర పొడుగామెను పక్కకు పిలిచింది.

"చివరివాళ్ళు వచ్చి కూర్చున్నాకే విశ్రాంతి మొదలైనట్టు. వాళ్ళు లేస్తేనే మనం లేవాలి."

పొడుగామె తెల్లబోయింది. "మీరు నేర్పినట్టే చేశానండీ."



లాండ్రీకి తిరిగొచ్చాక ఇంకో సంగతి కంటబడింది. చివరి రోలరు దగ్గరున్న ఇద్దరూ అన్నం తినడానికి అందరికంటే ఆలస్యంగా వస్తారు. వాళ్ళు డబ్బా మూత తీసేసరికి తను చేతులు కడుక్కుని నించుంటుంది. తను నించుంటే అందరూ నించుంటారు. ఇన్నేళ్ళూ ఆ ఇద్దరూ ముద్దలు మింగుతూనే పరిగెత్తారు. ఆ రోజు ఆమె వాళ్ళ ఎదుట బల్లమీద కూర్చుని, వాళ్ళు తిని మూతలు పెట్టేదాకా లేవలేదు. ముందరమ్మకు ఒంట్లో బాగాలేదని సాయంత్రానికి లాండ్రీ అంతా పాకిపోయింది.

ఆదివారం చెల్లెలికి ఫోన్ చేసింది.

"అలా వీధి చివరిదాకా నడుద్దామా?"

"గేటు దగ్గరుండక్కా. మెట్లు దిగడానికి నాకు టైం పడుతుంది."

చెల్లెలి అపార్ట్‌మెంటు గేటు పక్కన సిమెంటు బల్ల మీద కూర్చుని ముందరమ్మ చెప్పుల చప్పుడు వింటూ ఉంది. ఒక అంతస్తు దిగి ఆగుతోంది, మళ్ళీ దిగుతోంది. దీనికి కూడా వయసు మీద పడిందని అప్పుడు తెలిసింది. చెల్లెలు గోడ పట్టుకుని బయటికొచ్చి, బల్ల దగ్గర ఆగి, భుజాన సంచీ సర్దుకుంటూ నించుంది. ఊపిరి అందడం లేదు.

"కూర్చోవే."

"ఎందుకులే అక్కా. నువ్వు లేస్తావుగా."

ఎత్తిపొడుపు కాదది. అలవాటుగా అంది. అక్క చూసుకుంటే తన రెండు చేతులూ అప్పటికే మోకాళ్ళ మీదున్నాయి, లేవడానికి. వాటిని తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"లేవను. నువ్వు లేచాకే."

చెల్లెలు నమ్మలేనట్టు చూసి, సంచీ భుజానే ఉంచుకుని బల్ల అంచున కూర్చుంది. అక్క కదలలేదు. వీధిలో సైకిళ్ళు పోయాయి, ఎదురింటివాళ్ళు బట్టలు తీసుకుని లోపలికి వెళ్ళారు, అక్క అప్పటికీ కదలలేదు. ఆ సాయంత్రం వాళ్ళు ఎక్కడికీ నడవలేదు. చాలాసేపటికి చెల్లెలు సంచీ దించి పక్కన పెట్టి, చెప్పులు విప్పుకుంది.