మహబూబ్ అన్న రాయని పుస్తకం

మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో బ్లాస్టింగ్ జరిగితే గోదావరిఖనిలోని మా ఇంట్లో బీరువా అద్దాలు ఇప్పటికీ గలగలమంటాయి. ఆ చప్పుడు వినగానే బస్టాండు దగ్గరి చిన్న పుస్తకాల షాపు, అందులో అరల మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డ మహబూబ్ అన్న గుర్తొస్తాడు. అదిరే పుస్తకాలను పసిపిల్లల్ని జోకొట్టినట్టు మెల్లగా తట్టేవాడు.

ఆయన పుస్తకాలు అమ్మడమే కాదు, అచ్చు కూడా వేసేవాడు. బొగ్గుబాయి బతుకుల మీద ఎవరు రాసుకొచ్చినా కాదనేవాడు కాదు. ఒక్కటే షరతు. మొదటి షిఫ్టు దిగి చాయ్‌కి వచ్చినవాళ్లకు రాసినదంతా చదివి వినిపించాలి. నాకు ఇరవై ఆరేళ్లప్పుడు సమ్మె రోజుల మీద నేను రాసిన పుస్తకాన్నీ అలాగే చదివించాడు. ‘అంతరంగ ఆవేదన’ అన్నచోట పోశం కాక అనే ముసలి కార్మికుడు చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

“గదేంది బిడ్డా? దవాఖానల గోలీలిస్తరా దానికి?”

అందరూ నవ్వారు. మహబూబ్ అన్న నాకు పెన్సిలు అందించాడు. “కొట్టెయ్ తమ్మీ. కాకకు సమజ్ గానిది మనకెందుకు?”

అలా కొట్టేయగా మిగిలిందే ఆ పుస్తకం. నా పేరు వద్దన్నది నేనే. నాన్న ఆరోగ్యం చెడి అన్‌ఫిట్ కావడంతో బాయిలో ఆయన ఉద్యోగం నాకు అప్పుడే వచ్చింది.

నెల తిరక్కుండానే పోలీసులొచ్చి ఆ పుస్తకం కట్టలన్నీ జీపులో వేశారు. నేను షాపులో బెంచీ మీదే ఉన్నాను.

“ఎవరు రాసిండ్రు ఇది?” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

మహబూబ్ అన్న నా వైపు చూడనైనా చూడలేదు. “నేనే సార్.”

“మరి వీడెవడు?”

“పేపర్ చదువుకుందామని వచ్చిన సార్.” ఈ మాట అన్నది నేను.

ఆరు నెలలు జైల్లో ఉన్నాడాయన. నేను ఒక్కసారీ ములాఖత్‌కు పోలేదు. బయటికొచ్చి, సగం ఖాళీ అరలతోనే మళ్లీ షాపు తెరిచాడు. దాని ముందునుంచి పోలేక నేను చుట్టుదారిన డ్యూటీకి వెళ్లేవాణ్ణి. ఒకరోజు మార్కెట్లో ఆయనే నా సైకిల్ హ్యాండిల్ పట్టుకున్నాడు.

“ఏం తమ్మీ, తొవ్వ మార్చినవ్? పుస్తకం మళ్లీ వేస్తున్న. ఈసారి నీ పేరు పెడ్దమా?”

“కొత్త నౌకరన్నా...”

“ఫికర్ జెయ్యకు. నువ్వు చెప్పినప్పుడే పెడ్దం.”

నేను చెప్పనే లేదు. రెండో అచ్చుకీ పోలీసులొచ్చారు, ఆయనే జైలుకు వెళ్లాడు. చాయ్ తాగుతూ విన్నవాళ్లందరికీ రాసిందెవరో తెలుసు. ఒక్కరూ నోరు విప్పలేదు. వాళ్లు కాపాడింది నన్నే అని అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

నిరుడు మహబూబ్ అన్న చనిపోయాడు. సంతాప సభలో వక్తలంతా ఆ పుస్తకాన్ని ఆయన రచనగానే పొగిడారు. ముందు వరసలో కూర్చుని నేనూ తలూపాను.

ఆయన తన జన్మలో ఒక్క పేజీ రాయలేదు. ఆ పుస్తకం రాసింది నేను. నా పేరు కనకయ్య. ఇది ఆనాడు మార్కెట్లో, ఆయన ముఖం చూసి చెప్పాల్సిన మాట.

ఆయన షాపులో ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. డ్యూటీకి రోజూ దాని ముందునుంచే వెళ్తాను. అక్కడికి రాగానే బండి నెమ్మది చేస్తాను. హ్యాండిల్ పట్టుకుని ఎవరూ ఆపరు.