పెద్దమ్మ బొట్టు రూపాయి

జేబులో ఇరవై రూపాయలు లేకపోయినా బుర్రలో మాత్రం లక్షలు పెట్టుకు తిరిగే రోజులు ప్రతివాడికీ కొన్ని ఉంటాయి. నావి బరంపురంలో, మా పెద్దమ్మ ఇంట్లో గడిచాయి. డిగ్రీ అయిపోయి గంజాంలో ఊరికే కూర్చుంటే నాన్న చూపులు భరించలేక, ఉద్యోగం వెతుక్కుంటానని చెప్పి ఆవిడ దగ్గర దిగబడ్డాను. (వెతికింది తక్కువ, ఆవిడ వేసిన అట్లు తిన్నది ఎక్కువ.) అప్పట్లో ఫోన్ తెరిస్తే చాలు, మీ ఇంట్లో పాత నాణెం ఉందా, అయితే మీరు లక్షాధికారి అంటూ ఒకాయన ప్రత్యక్షమయ్యేవాడు. రాజు బొమ్మ ఉన్న వెండి రూపాయి చూపించి, దీనికి రెండు లక్షలు అనేవాడు. సరిగ్గా అలాంటిదే మా పెద్దమ్మ కుంకంబరిణెలో ఉంది.

ఆవిడ రోజూ స్నానం చేసి, నుదుటికి చుక్క కొబ్బరినూనె రాసుకుని, ఆ రూపాయిని కుంకంలో అద్ది నొక్కుకునేది. తీస్తే ఎర్రగా, గుండ్రంగా అచ్చు. పెళ్లయిన కొత్తలో వాళ్లత్తగారు చేతిలో పెట్టిన రూపాయట. నోట్లంటే ఆవిడకి మొదట్నుంచీ గురి లేదు, పెద్దనోట్లు చెల్లవన్న రోజుల్లో బ్యాంకు ముందు మూడు పూటలు నిలబడి వచ్చాక మరీను. "కాయితానికి ఎవులో మాటియ్యాల్రా. ఎండికి ఎవుల మాటా అక్కర్లేదు" అనేది. అంత విలువ తెలిసిన మనిషి రెండు లక్షల వస్తువుని కుంకంలో ముంచి ఉంచడం నాకు అన్యాయంగా తోచింది. ఒక బుధవారం ఆవిడ పెరట్లో ఉండగా రూపాయి తీసి జేబులో వేసుకుని, దాని చోట ఒక పది రూపాయల బిళ్ల పెట్టాను. (ఆ రోజుల్లో మా ఊళ్లో పది బిళ్లని బడ్డీకొట్టువాడు కూడా పుచ్చుకునేవాడు కాదు. అందుకే అది నా దగ్గర మిగిలింది.) కళ్లలో శుక్లాలున్నాయి, పైగా కుంకం పట్టేసి ఉంటుంది, ఆవిడకేం తెలుస్తుందిలే అనుకున్నాను.

బజార్లో వెండి కొట్టు షావుకారు ముందు కూర్చుని, బేరం ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలా అని గొంతు సవరించుకుంటున్నాను. ఆయన రాజు మొహమైనా చూడలేదు. రూపాయిని రాతి మీద మోగించాడు, తూకంలో వేశాడు, పక్కనున్న డబ్బాలో పడేశాడు, నాలుగు వందనోట్లు నా చేతిలో పెట్టాడు. వెనక్కిచ్చెయ్యమందామంటే, ఎవరిదని అడుగుతాడేమోనని భయం. బయటికొచ్చి, బండి మీద నన్ను తీసుకొచ్చిన స్నేహితుడికి బిరియానీ పెట్టించి, నేనూ తిన్నాను.

ఆ సాయంత్రమే పెదనాన్నని డాక్టరుకి చూపించి తీసుకొచ్చారు. ఎన్నాళ్లుగానో గ్యాసు, గ్యాసు అంటున్నది గ్యాసు కాదట, గుండె. శుక్రవారం పొద్దున్నే ఆపరేషన్ చెయ్యాలి, జాగు చేస్తే ప్రమాదం అన్నారట. మర్నాడు గురువారం. పక్కింటావిడ పలకరించడానికి వచ్చి, మాటల మధ్యలో ఆగి, "ఏటక్కా, బొట్టు సిన్నదైపోనాది?" అంది. పెద్దమ్మ అద్దం దగ్గరకెళ్లి కళ్లు చికిలించి చూసుకుంది, వేలు పెట్టి కొలుచుకుంది. వడ్లగింజంత తగ్గింది, అంతే. ఆవిడ మంచం మీద కూలబడింది.

"నా బొట్టు తరిగిపోతంది. రేపు ఆయన్ని పంపను" అంది.

ఎవరెన్ని చెప్పినా ఒకటే మాట. ఆపరేషన్ తప్పించుకునే దారి కోసం చూస్తున్న పెదనాన్న వెంటనే ఆవిడ పక్షం చేరిపోయాడు. ఉన్నదున్నట్టు అప్పుడే చెప్పేస్తే సరిపోయేది కదా అని మీరనుకుంటున్నారు. నాకూ ఇప్పుడు అలాగే అనిపిస్తుంది. ఆ పూట మాత్రం ఆవిడ మొహం చూస్తే, పెదనాన్న ప్రాణం నా జేబులోంచే పోతుందేమోనని భయం పట్టుకుంది. చెప్పులు కూడా వేసుకోకుండా బజారుకి పరిగెత్తాను.

షావుకారు మధ్యాహ్నం భోజనానికని షట్టరు దించబోతున్నాడు. కాళ్లు పట్టుకున్నంత పని చేసి ఆపాను. నీ రూపాయికి గుర్తేమిటని అడిగాడు. రాజుగారి చెవిలో కుంకం ఉంటుందని ధీమాగా చెప్పాను. ఆయన నన్నోసారి ఎగాదిగా చూసి, డబ్బా తీసి గుడ్డ మీద బోర్లించాడు.

"ఏరుకో బాబూ."

ఒక రాజు చెవిలో కుంకం. పక్క రాజు చెవిలో కుంకం. ఇంకొకాయన గడ్డం నిండా పసుపు. బరంపురంలో ఉన్న రాజులందరికీ మా ఆడవాళ్లు బొట్టు పెట్టేసినట్టున్నారు. చెమటలు కారుతుండగా ఒక్కొక్కటే తిప్పి చూశాను. అన్నీ మాదే అనిపించాయి, ఏదీ మాది కాదనిపించింది. చివరికి కళ్లు మూసుకున్నంత పని చేసి ఒకటి తీశాను. నాలుగొందలకి కొన్నదాన్ని ఆయన ఆరొందలన్నాడు. బిరియానీ పోగా మిగిలింది, స్నేహితుడికి ఫోన్ చేసి రప్పించి, వాడి దగ్గర తీసుకున్నది కలిపి లెక్కపెట్టి ఇస్తే, అందులో ఉన్న ఆరు పదిరూపాయల బిళ్లలూ ఏరి వెనక్కి తోసేశాడు. "ఇవి సెల్లవు, నోటియ్యి" అన్నాడు, ముందర అన్ని బిళ్లలు పోసుకుని కూర్చుని. స్నేహితుడు పెట్రోలు కోసం దాచుకున్న వందనోటు తీస్తే గానీ రూపాయి నా చేతికి రాలేదు.

ఇంటికొచ్చి బిళ్ల తీసేసి రూపాయి పెట్టేశాను. పెద్దమ్మా, పొద్దున్న కంగార్లో సరిగా నొక్కలేదేమో, మొహం కడుక్కుని మళ్లీ పెట్టుకో అన్నాను. ఆవిడ రూపాయి చేతిలోకి తీసుకుని అంచు చుట్టూ బొటనవేలు తిప్పింది. తర్వాత కుంకంలో అద్ది నొక్కుకుంది. బొట్టు నిండుగా పడింది.

"రేపు ఎన్నింటికి రమ్మన్నారు?" అంది.

ఆపరేషన్ బాగా జరిగింది. పదిరోజులకి పెదనాన్న ఇంటికొచ్చి ఉప్పులేని చారు మీద విసుక్కుంటున్నాడు. పెద్దమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి బరిణె తెరిచింది.

"ఇది నాది కాదురా. నా దాని అంచుకి నొక్కుండీది, బొటనేలికి తగిలీది."

మొత్తం చెప్పేశాను. మరి ఆ బిళ్ల తెలియలేదా అంటే, ఆపరేషన్ మాట విన్నాక ఏం పట్టుకుందో తనకే తెలియలేదంది. ఇది మాత్రం ముట్టుకోగానే తెలిసిపోయిందట. "మరి తెలిసి పెదనాన్నని ఎందుకు పంపావు?" అన్నాను.

"ఎవులో ఇల్లాలు ఇన్నేళ్లు బొట్టెట్టుకున్న రూపాయి. ఏ కష్టమొచ్చి అమ్ముకుందో, ఎంత ఏడ్సిందో. ఆ తల్లి బొట్టు నా నుదుటి మీదకొచ్చింది, ఇంకేటి బయం అనుకున్నాను."

తర్వాత నా చెవి మెలిపెట్టి, ఎవరూ పుచ్చుకోని బిళ్లని తెచ్చి తన నుదుటికి అంటించానా అని, నవ్విందో ఏడ్చిందో తెలియకుండా ఒక మొట్టికాయ వేసింది. నేను మళ్లీ వెండి కొట్టుకి వెళ్లాను. ఆ డబ్బా సరుకు అప్పటికే ఎవరో కొనుక్కుపోయారు.

ఇప్పుడు కూరగాయలు కూడా ఫోన్ తోనే కొంటున్నాను, నోటూ లేదు, బిళ్లా లేదు. అయినా బజార్లో నిండు బొట్టు కనబడితే, మా రూపాయేనేమోనని అంచు చూస్తాను. (నా భార్య మోచేత్తో పొడుస్తుంది.) అంచున కుంకం ఇంకా వదలని ఆ పది బిళ్ల నా సొరుగులోనే ఉంది. ఈమధ్య పది బిళ్లలు అందరూ పుచ్చుకుంటున్నారు. దాన్ని మాత్రం నేనే ఇవ్వలేకపోతున్నాను.